5.1 స్పీకర్లు: సౌండ్ సూపర్, తంటా అంతా వైర్లతోనే

డెస్క్‌టాప్‌కి పెడదామని 5.1 సెట్ (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) తీసుకున్నా, సౌండ్ అయితే అదిరింది గానీ కనెక్షన్ దగ్గరే చుక్కలు కనిపించాయి. ఆకుపచ్చ పిన్ను ముందు స్పీకర్లకి, నలుపు వెనకవాటికి, నారింజది సెంటర్‌కీ సబ్‌వూఫర్‌కీ. నా మదర్‌బోర్డుకేమో వెనకాల మూడే జాక్‌లు, నలుపూ లేదు నారింజా లేదు! చివరికి మదర్‌బోర్డు సౌండ్ సెట్టింగులుండే రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్‌లో నీలం జాక్‌ని రియర్‌గా, గులాబీ మైక్ జాక్‌ని సెంటర్‌గా మార్చుకుంటే గానీ పనవ్వలేదు, మైక్ పెట్టే చోటు పోయిందనుకోండి అది వేరే సంగతి. విండోస్‌లో కూడా స్టీరియో (రెండు స్పీకర్ల సెట్టింగ్) తీసేసి 5.1 పెట్టి టెస్ట్ నొక్కాలి. మాన్యువల్లో ఇదేం లేదు, ఒక బొమ్మ వేసి వదిలేశారు. మామూలు పాటలు స్టీరియోనే కదా, వెనక స్పీకర్లు గమ్మునుంటే పాడైపోయాయని కంగారు పడకండి, నేను ఒక పూటంతా పడ్డాను.