ఎఫ్ఎఫ్ఎంపెగ్: ఏ లైసెన్స్ బిల్డ్ మేలు?

వీడియో, ఆడియో ఫైళ్ళని మార్చడానికి, ప్లే చెయ్యడానికి వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సోర్స్ ఒకటే. కంపైల్ చేసేముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కి ఇచ్చే ఫ్లాగుల్ని బట్టి మాత్రం బయటికొచ్చే బైనరీ (కంపైల్ అయిన ప్రోగ్రామ్) లైసెన్స్ మారిపోతుంది. ఏమీ ఇవ్వకపోతే ఎల్జీపీఎల్ 2.1, అంటే మీ యాప్ సోర్స్ దాచుకోనిచ్చే లైసెన్స్. ఎనేబుల్-జీపీఎల్ పెడితే మొత్తం జీపీఎల్, అంటే పంచితే సోర్స్ కూడా ఇవ్వమనే లైసెన్స్. ఎనేబుల్-నాన్‌ఫ్రీ కూడా పెడితే ఇక ఎవరికీ పంచకూడదు. మూడింట్లో ఏది మేలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: ఆ బైనరీ మీ చెయ్యి దాటి బయటికి పోతుందా?

హెచ్.264 వీడియో తయారుచేసే ఎన్‌కోడర్ లైబ్రరీ ఎక్స్264 కావాలని అడిగి, ఎనేబుల్-జీపీఎల్ ఇవ్వకుండా కాన్ఫిగర్ నడిపి చూడండి. ఈ లైబ్రరీ జీపీఎల్‌ది, మీరు ఆ ఫ్లాగ్ ఇవ్వలేదు అని చెప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది. చాలామంది దాన్ని ఇంకో బిల్డ్ ఎర్రర్ లాగే చూసి, ఫ్లాగ్ తగిలించేసి ముందుకెళ్తారు. యాప్ లైసెన్స్ తేలిపోయేది ఆ ఒక్క లైనులోనే. ఆ బైనరీని లింక్ చేసిన యాప్‌ని జనానికి ఇస్తే, యాప్ సోర్స్ కూడా జీపీఎల్ కింద ఇవ్వాల్సిందే. సోర్స్ అంటే సీ ఫైళ్ళు జిప్ చేసి పడేస్తే చాలదు. కంపైల్, ఇన్‌స్టాల్ చేయించే స్క్రిప్టులు కూడా అందులో భాగమేనని 1991 నాటి జీపీఎల్ 2 మూడో సెక్షన్‌లోనే ఉంది.

అదే మీ సర్వర్‌లో వీడియోలు ట్రాన్స్‌కోడ్ చేసుకోవడానికైతే (ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికైతే) నిస్సంకోచంగా జీపీఎల్ బిల్డే తీసుకోండి. బైనరీ ఎవరికీ ఇవ్వడం లేదు కాబట్టి సోర్స్ ఇవ్వాల్సిన పనీ లేదు. ఎక్స్264 నాణ్యతను వదులుకోవడం దండగ.

సోర్స్ బయటపెట్టని మొబైల్ యాప్‌కి మాత్రం నా ఓటు ఎల్జీపీఎల్‌కే. హెచ్.264 వీడియో ప్లే చెయ్యడానికి ఎక్స్264 అక్కర్లేదు. డీకోడర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే ఉంది, అదీ ఎల్జీపీఎల్ కిందే. ఇది తెలియక జీపీఎల్ తగిలించుకునేవాళ్ళు ఎంతమందో! ఎన్‌కోడింగ్ కావాలంటే ఆండ్రాయిడ్‌లోనే ఉండే మీడియాకోడెక్ ఉంది, లేదా బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న సిస్కో ఓపెన్‌హెచ్264 ఉంది. ఎక్స్264 అంత నాణ్యత రాదు, ఒప్పుకోవాల్సిందే. ఇంకో మెలిక: హెచ్.264 పేటెంట్ రుసుము సిస్కో కట్టేది తను బిల్డ్ చేసి పంచే బైనరీకే. మీరు సొంతంగా కంపైల్ చేసుకుంటే అది వర్తించదు. ఎల్జీపీఎల్ అన్నా బాధ్యతలు తప్పవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని యాప్‌లో కలిపెయ్యకుండా విడి లైబ్రరీ ఫైలుగా ఉంచే డైనమిక్ లింకింగ్ చేసుకోవడం సులువైన దారి. వాడిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ సోర్స్, మీ మార్పులు, కాన్ఫిగర్ లైను కూడా అందుబాటులో పెట్టాలి.

నాన్‌ఫ్రీ జోలికి ఎక్కువగా వెళ్ళేది ఎఫ్‌డీకే-ఏఏసీ అనే ఆడియో ఎన్‌కోడర్ కోసం. తమాషా ఏమిటంటే, ఎల్జీపీఎల్ బిల్డ్‌లో దాన్ని కలిపితే కాన్ఫిగర్ పేచీ పెట్టదు. ఎనేబుల్-జీపీఎల్ కూడా ఉంటేనే, జీపీఎల్‌తో పొసగదని చెప్పి నాన్‌ఫ్రీ ఫ్లాగ్ అడుగుతుంది. తక్కువ బిట్‌రేట్‌కి పనికొచ్చే హెచ్ఈ-ఏఏసీ రకం ఆడియో కావాలంటే తప్ప ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఏఏసీ ఎన్‌కోడర్ సరిపోతుంది.

వెర్షన్3 అని ఇంకో ఫ్లాగ్ ఉంది, జీపీఎల్, ఎల్జీపీఎల్‌లను మూడో వెర్షన్‌కి మార్చేది. అపాచీ 2.0 లైసెన్స్ జీపీఎల్ 2తో కుదరదు, 2007లో వచ్చిన జీపీఎల్ 3తో కుదురుతుంది. పాత ఫోన్ల ఏఎంఆర్ ఆడియో కోసం అపాచీ లైసెన్స్ ఉన్న ఓపెన్‌కోర్ లైబ్రరీ కలపాలంటే ఈ ఫ్లాగ్ కావాలి. సెట్‌టాప్ బాక్సుల్లాంటివి అమ్మేవాళ్ళు మాత్రం ముందు జీపీఎల్ 3 చదువుకోవాలి. కొన్నవాళ్ళు మార్చిన సాఫ్ట్‌వేర్‌ని అదే పెట్టెలో ఎక్కించుకోవడానికి కావాల్సిన సమాచారం కూడా ఇవ్వమంటుంది.

అందరూ జారేది సర్వర్ దగ్గరే. ఇవాళ మీ సర్వర్‌లో నడుస్తున్న డాకర్ ఇమేజ్‌ని (ప్రోగ్రామ్, దానికి కావాల్సినవన్నీ కలిపిన ప్యాకేజీని) రేపు క్లయింట్ తన డేటాసెంటర్‌లో పెట్టుకుంటానంటాడు. ఇచ్చిన క్షణం నుంచి అది పంపిణీయే. జీపీఎల్ బిల్డైతే సోర్స్, స్క్రిప్టులు కలిపి ఇవ్వొచ్చు. నాన్‌ఫ్రీ అయితే ఇవ్వడానికే లేదు, మళ్ళీ బిల్డ్ చెయ్యాలి. ఇమేజ్ పంపేముందు ఎఫ్ఎఫ్ఎంపెగ్ వెర్షన్ కమాండ్ ఒకసారి కొట్టండి, ఏ ఫ్లాగులతో కట్టారో కాన్ఫిగరేషన్ లైనులో మొత్తం ఉంటుంది.