చవకగా వస్తున్న చికెన్ ఫ్యాట్, ఎంబీఎం: లోడు దింపకముందే ఇవి చూసుకోండి

సొంతంగా దాణా కలుపుకునే బ్రాయిలర్ రైతులందరికీ ఈ హెచ్చరిక. మొక్కజొన్న రేటు ఎక్కిందంటే చాలు, ఫారాల చుట్టూ కొన్ని బండ్లు తిరగడం మొదలవుతుంది. డ్రమ్ముల్లో "చికెన్ ఫ్యాట్", బస్తాల్లో "50 ప్రొటీన్ ఎంబీఎం" (మాంసం, ఎముకల పొడి). రేటు బయటి మార్కెట్ కంటే బాగా తక్కువ ఉంటుంది. బిల్లు అడిగితే తర్వాత పంపుతామంటారు, ల్యాబ్ రిపోర్టు అడిగితే ఫోన్‌లో ఎప్పటిదో ఫోటో చూపిస్తారు. ఈ సరుకు కొన్నవాళ్లకి నష్టం మొదటి వారంలో తెలియదు. 20 రోజులు దాటాక లిట్టర్ తడిసిపోవడం, బరువు రాకపోవడం, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి పట్టే దాణా) పెరగడం కనిపిస్తాయి. అప్పటికి డ్రమ్ములు ఖాళీ, అమ్మినవాడి ఫోన్ కలవదు.

జంతు కొవ్వు వాడొద్దని మా మాట కాదు. మొక్కజొన్నలో కిలోకి సుమారు 3,350 కిలో క్యాలరీల ఎంఈ (కోడి ఒంటికి పట్టే శక్తి) ఉంటే, మంచి చికెన్ ఫ్యాట్‌లో 8,000 పైనే ఉంటుంది. పశువుల కొవ్వులో, అంటే టాలోలో, 7,500కి అటూ ఇటూగా ఉంటుంది. బ్రాయిలర్ ఫినిషర్‌కి (చివరి వారాల దాణాకి) భారత ప్రమాణం ఐఎస్ 1374 అడిగే 3,200 ఎంఈ ఒట్టి మొక్కజొన్న, సోయాలతో అందదు. ఏదో ఒక నూనో కొవ్వో పడాల్సిందే. మన ఈ అవసరం తెలిసే ఆ బండ్లు మన గేటు దగ్గరికి వస్తున్నాయి.

ముందు డ్రమ్ము సంగతి. కొవ్వుకి మూడు అంకెలు కలిపి చూస్తారు: తేమ, మలినాలు, సబ్బుగా మారని పదార్థం. మూడూ కలిపి 2 శాతం లోపు ఉండాలి. చవక డ్రమ్ముల్లో తేమే చాలా ఎక్కువ ఉంటుంది. రెండరింగ్ (వ్యర్థాల్ని కాచి కొవ్వు తీయడం) అయ్యాక సరిగా తేర్చకుండా, నీళ్లూ మాంసపు మడ్డీ అలాగే పోసేస్తారు. పైన తేటగా పసుపురంగులో మెరుస్తూ ఉంటుంది కాబట్టి పైనుంచి ఒక గ్లాసు తీసి చూపిస్తే ఎవరైనా సరే అంటారు.

అందుకే పైనుంచి తీసిన శాంపిల్ ఎప్పుడూ ఒప్పుకోవద్దు. పొడవాటి పీవీసీ గొట్టం పైకొనను బొటనవేలితో మూసి డ్రమ్ము అడుగుదాకా దించండి. వేలు వదిలితే అడుగు సరుకు గొట్టంలోకి ఎక్కుతుంది. మళ్లీ వేలితో మూసి పైకి లాగండి. దాన్ని తెల్ల గాజు సీసాలో పోసి, 60 డిగ్రీల వేడినీళ్ల బకెట్‌లో గంటసేపు నిలబెట్టండి. మంచి కొవ్వు పైనుంచి కిందిదాకా ఒకే రంగులో తేటగా ఉంటుంది. కల్తీదైతే మూడు పొరలు తేలతాయి: పైన నూనె, మధ్యలో పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు, అడుగున బూడిదరంగు నీళ్లు. ఆ నీళ్ల మూత తీసి వాసన చూడండి, ఇంకే పరీక్షా అక్కర్లేదు. ఒక చెంచాడు కొవ్వు స్టీలు గరిటెలో వేడిచేసినప్పుడు చిటపటమని ఎగిరితే అదీ నీరే. మొహం దూరంగా పెట్టుకుని చేయండి.

ఇంకో చిన్న గుర్తు. చికెన్ ఫ్యాట్ మన వాతావరణంలో, 30 డిగ్రీల దగ్గర, చాలావరకు జారుగానే ఉంటుంది. "చికెన్ ఫ్యాట్" అని ఇచ్చింది ఆ వేడిలో కూడా కొవ్వొత్తిలా బిగుసుకుపోయి ఉంటే అందులో టాలో గానీ, పామాయిల్ రిఫైనరీల్లో మిగిలే ఫ్యాటీ యాసిడ్ గానీ కలిసిందనుకోవాలి. ఆ ఫ్యాటీ యాసిడ్‌లో 80 శాతం పైగా ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లే (ఎఫ్ఎఫ్ఏ, కొవ్వు విరిగి విడిపోయిన ఆమ్లాలు). కోడికి అది చికెన్ ఫ్యాట్ ఇచ్చినంత శక్తి ఇవ్వదు.

డబ్బు లెక్క చూద్దాం. టన్ను ఫినిషర్‌కి 25 కిలోల టాలో వేస్తున్నారనుకోండి. 7,500 చొప్పున కిలో దాణాకి 187 కిలో క్యాలరీలు వస్తాయని ఫార్ములా. డ్రమ్ములో 8 శాతం నీరూ మడ్డీ ఉండి, మిగిలినది కూడా పాడై 6,500 మాత్రమే ఇస్తే వచ్చేది 149. కిలోకి 38 తక్కువ. 3,200 అనుకున్న దాణా 3,162 అయింది. కోడి ఆ లోటు పూడ్చుకోవడానికి దాదాపు 1.2 శాతం ఎక్కువ తింటుంది. 5,000 కోళ్లు ఫినిషర్ తలకి 2 కిలోలు తిన్నా 10 టన్నులు, అంటే 120 కిలోల దాణా వృథా. ఇది ఏ రోగమూ రాకపోతేనే.

రోగం మాటకొస్తే అసలు ప్రమాదం ముక్కిపోయిన కొవ్వుతో. కోడి వ్యర్థాలు ఎండలో గంటలకొద్దీ పడి ఉంటే అందులోని ఎంజైములే కొవ్వును విడగొట్టి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు పెంచుతాయి. కుక్కర్‌లో వేడి ఎక్కేదాకా అది ఆగదు. 15 శాతం దాటిన సరుకు తీసుకోకండి. అయితే ఎఫ్ఎఫ్ఏ ఒక్కటే చూసి సంతృప్తి పడొద్దు, ముక్కిపోవడం వేరే సంగతి. దానికి పెరాక్సైడ్ విలువ చూస్తారు. కిలోకి 5 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉంటే మంచిది, 20 దాటితే దగ్గరికి రానివ్వద్దు.

ఇక్కడే రిపోర్టు మాయ ఉంది, జాగ్రత్తగా చదవండి. పెరాక్సైడ్లు కొంతకాలం పెరిగి ఆ తర్వాత వాటంతట అవే విరిగిపోతాయి. అప్పుడు విలువ పడిపోతుంది. అంటే బాగా కుళ్లిన కొవ్వుకి కూడా "పెరాక్సైడ్ 3" అని నిజమైన రిపోర్టే రావచ్చు. బాగా కాచినా ఇదే జరుగుతుంది. విరిగిన ముక్కలు మాత్రం అందులోనే ఉంటాయి. అవి పారా అనిసిడిన్ విలువలో బయటపడతాయి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపేటప్పుడు రెండూ చేయమని రాసి ఇవ్వండి. పెరాక్సైడ్ ఒక్కటే ఉన్న రిపోర్టుని నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి.

ముక్కిన కొవ్వు దాణాలో పడగానే ముందు విటమిన్ ఇ కరిగిపోతుంది. ప్రీమిక్స్ (విటమిన్ల మిశ్రమం) ఎంత మంచిదైనా సరే. ఆ లోపం రెండో వారం నుంచి ఐదో వారం లోపు పిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది: పిల్ల తూలుతుంది, వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటుంది, తల వెనక్కి గానీ రెండు కాళ్ల మధ్యకి గానీ వంగిపోతుంది. కోసి చూస్తే చిన్నమెదడు ఉబ్బి, దాని మీద ఎర్రటి రక్తపు చుక్కలు కనిపిస్తాయి. చాలామంది దీన్ని రాణికేట్ (వైరస్ రోగం) అనుకుని మందుల మీద మందులు పోస్తారు. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పక డాక్టర్‌తో పోస్ట్‌మార్టం చేయించండి, వెళ్లేటప్పుడు దాణా శాంపిల్ కూడా పట్టుకెళ్లండి.

ఇప్పుడు ఎంబీఎం. దీన్ని శక్తి కోసం కొనేవాళ్లకి మొదటి మాట: మంచి ఎంబీఎం ఎంఈ 2,150 దగ్గరే. మొక్కజొన్న కంటే చాలా తక్కువ. "3,000 ఎనర్జీ" అని చెప్పే వ్యాపారి కోడి వ్యర్థాల పొడి అంకెను, అంటే సుమారు 2,950ని, తెచ్చి పశువుల ఎముక పొడికి అంటిస్తున్నాడు. రెండూ వేరు సరుకులు. ఎముక ఎంత ఎక్కువైతే శక్తి అంత తగ్గుతుంది.

ప్రొటీన్ అంకె ఇంకా పెద్ద మోసం. ల్యాబ్ కొలిచేది నైట్రోజన్. దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అని రాస్తుంది. యూరియాలో 46 శాతం నైట్రోజన్ ఉంది, అంటే కాగితం మీద 287 శాతం "ప్రొటీన్". 40 శాతం ఉన్న నాసి ఎంబీఎంలో నూటికి 4 కిలోల యూరియా కలిపితే రిపోర్టులో 50 వచ్చేస్తుంది. కోడికి అది మేత కాదు, కిడ్నీ మీద బరువు. తోలు పొడి, ఉడికించని ఈకల పొడి కూడా ఇదే పని చేస్తాయి, ప్రొటీన్ చూపిస్తాయి గానీ అరగవు. అందుకే ప్రొటీన్‌తోపాటు పెప్సిన్ డైజెస్టిబిలిటీ (పెప్సిన్ ఎంజైముతో ఎంత అరుగుతుందో చూసే పరీక్ష) అడగాలి, అదీ 0.002 శాతం పెప్సిన్‌తో. 0.2 శాతంతో చేస్తే నాసి సరుకు కూడా బాగా కరిగినట్టు కనిపిస్తుంది. తోలు అనుమానం ఉంటే క్రోమియం టెస్ట్ చేయించండి.

యూరియా సంగతి ఇంట్లోనే పట్టొచ్చు. రెండు సీసాల్లో చెంచాడు చొప్పున ఎంబీఎం వేసి సగం దాకా నీళ్లు పోయండి. ఒక దాంట్లో చిటికెడు పచ్చి సోయా గింజల పిండి కలపండి. వేయించినది, నూనె తీసిన చెక్క పనికిరావు, వేడికి అందులోని ఎంజైము చచ్చిపోయి ఉంటుంది. రెండూ మూత బిగించి గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచి తెరవండి. సోయా వేసిన దాంట్లో అమ్మోనియా ఘాటు ముక్కుకి కొట్టి, రెండోదాంట్లో అంత లేకపోతే యూరియా ఉన్నట్టే. రెండిట్లోనూ సమానంగా కొడితే సరుకు కుళ్లిందన్నమాట, అదీ వద్దు. మరో చెంచాడు మీద పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు వేయండి. ఎముకకి కొద్దిపాటి బుడగలు మామూలే, బుస్సుమని పొంగితే అందులో రాతిపొడి. రిపోర్టులో కాల్షియం ఫాస్ఫరస్‌కి 2.2 రెట్లు దాటినా అదే అర్థం.

రాతిపొడి ఉన్న ఎంబీఎం, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు ఎక్కువున్న కొవ్వు ఒకే దాణాలో పడితే నష్టం రెట్టింపు. పేగులో కాల్షియం, ఫ్యాటీ యాసిడ్లు కలిసి సబ్బు అవుతాయి. సబ్బు అరగదు, రెట్టలో పోతుంది. కొవ్వూ పోయింది, కాల్షియమూ పోయింది. రెట్ట వేళ్లకి జిడ్డుగా అంటుకుంటుంది, ఊక గడ్డకడుతుంది, పాదాలకి పుళ్లు వస్తాయి. మంచి ఎంబీఎం వాడినా ఈ లెక్క మరవద్దు: టన్నుకి 50 కిలోలు వేస్తే 5 కిలోల కాల్షియం, 2.5 కిలోల ఫాస్ఫరస్ దానితోనే వచ్చేస్తాయి. ఆ ఫాస్ఫరస్ దాదాపు 14 కిలోల డీసీపీకి (డైకాల్షియం ఫాస్ఫేట్‌కి) సమానం. డీసీపీ, రాతిపొడి పాత లెక్కలోనే వేస్తే కాల్షియం 1 శాతం బదులు 1.5 అవుతుంది. 50 కిలోలు దాటించకండి, ప్రీస్టార్టర్‌లో (మొదటి రోజుల దాణాలో) అసలు వద్దు.

సీసాలోనూ గరిటెలోనూ దొరకని ప్రమాదం ఒకటుంది: ఫ్యాక్టరీ నూనె. 1957లో అమెరికాలో విషపు కొవ్వు కలిసిన దాణా తిని లక్షల్లో కోడిపిల్లలు చచ్చిపోయాయి. గుండె చుట్టూ నీరు చేరేది. కారణం డయాక్సిన్లని తర్వాత తేలింది. 1999లో బెల్జియంలో దాణాకి వెళ్లే కొవ్వులో ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిసి దేశమంతా కోళ్లు, గుడ్లు అమ్మకాల నుంచి తీసేయాల్సి వచ్చింది. వాసన, రంగు, ఎఫ్ఎఫ్ఏ ఏదీ దీన్ని పట్టివ్వదు. కొవ్వు ఏ రెండరింగ్ ప్లాంట్‌లో తయారైందో, ఏ వ్యర్థాల నుంచి తీశారో బిల్లు మీద రాయించుకోవడమే మనకున్న రక్షణ. "కలెక్షన్ ఆయిల్", "మిక్స్‌డ్ ఫ్యాట్" అన్న మాట వింటే ఆ బండి వెనక్కి పంపేయండి. మినరల్ ఆయిల్ టెస్ట్ మాత్రం ఏ చిన్న ల్యాబ్‌లోనైనా అవుతుంది: ఆల్కహాల్‌లో కలిపిన పొటాష్‌తో కాచి నీళ్లు పోస్తే తెల్లగా మబ్బుపడితే అందులో మినరల్ ఆయిల్ ఉన్నట్టు.

పాత బస్తాల్లో, కోళ్ల బండ్లలో వచ్చే సరుకుతో ఇంకో గండం. రెండరింగ్ వేడికి సాల్మొనెల్లా, బర్డ్ ఫ్లూ వైరస్ చస్తాయి. కానీ చల్లారాక మళ్లీ అంటుకుంటే ఆపేది లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంది కదా. లోడు బండి షెడ్ల దాకా రానివ్వకుండా గేటు దగ్గరే దింపించుకోండి.

ఫారం పక్కన గేదెలున్నవాళ్లు మరీ జాగ్రత్త. బ్యాచ్ ఎత్తాక మిగిలిన బ్రాయిలర్ దాణా గేదెలకి పోయడం చాలాచోట్ల అలవాటు. అందులో ఎంబీఎం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన ప్రకారం పాడి పశువులకి పెట్టకూడదు. ఆ నిబంధన నుంచి మినహాయింపు కోళ్లు, పందులు, చేపలకే.

అన్నీ సరిచూసుకుని మంచి కొవ్వు తెచ్చుకున్నవాళ్లు: మొదటి రెండు వారాలు టాలో వద్దు, పిల్లకి పిత్తరసం, లైపేజ్ చాలవు. సోయా నూనో తవుడు నూనో వాడండి. ఆ తర్వాత టన్నుకి 10–15 కిలోలతో మొదలుపెట్టి ఫినిషర్‌లో 25 దాకా వెళ్లండి, సగం నూనెతో కలిపితే ఇంకా బాగా అరుగుతుంది. 60 డిగ్రీలకి వేడిచేసి, తిరుగుతున్న మిక్సర్‌లో సన్నటి ధారగా పోయాలి. చల్లటిది కుమ్మరిస్తే ఉండలు కట్టి ఒక బస్తాలో అంతా, ఇంకో బస్తాలో సున్నా అవుతుంది. డ్రమ్ముకి రాగి, ఇత్తడి కుళాయి పెట్టకండి, రాగి తగిలితే కొవ్వు తొందరగా ముక్కుతుంది. నీడలో ఉంచండి, అడుగు మడ్డి వారానికోసారి బయటికి తీసేయండి.

ఇప్పటికే అనుమానపు సరుకు కొని సగం వాడినవాళ్లు ఈరోజే ఆపండి. కలిపి ఉన్న దాణా చిన్న పిల్లలకి వేయకండి. విటమిన్ ఇ, సెలీనియం నీళ్లలో ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడిగి ఇవ్వండి. మిగిలిన డ్రమ్ముల నుంచి రెండు సీసాల శాంపిల్ తీసి, సీలు వేసి, తేదీ, లారీ నంబరు, కాటా చీటీ నంబరు రాసి చీకట్లో దాచండి. ఒకటి ల్యాబ్‌కి, ఒకటి మీ దగ్గర. రాబోయే లోడుకి మాత్రం ఈ శాంపిల్ బండి ఉండగానే తీసి, సీసా మీద డ్రైవర్ చేత సంతకం పెట్టించుకున్నాకే డ్రమ్ము కిందికి దించనివ్వండి.