నింజా 1000 ఎస్‌ఎక్స్‌పై నల్లమల దాటి గండికోట దాకా: దారులు, బసలు, బండి బాగోగులు

స్పోర్ట్ టూరింగ్ బండి (దూర ప్రయాణాలకు వీలుగా చేసిన వేగమైన బైకు) అనగానే చాలామందికి బెంగళూరు హైవే గుర్తొస్తుంది. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరితే కర్నూలు, అనంతపురం మీదుగా సాయంత్రానికల్లా బెంగళూరు చేరిపోవచ్చు. ఆ దారిలో ఈ బండి హాయిగా వెళ్తుంది, కాదనను. కానీ అదే రోడ్డు మీద మామూలు కారు కూడా హాయిగానే వెళ్తుంది. ఇంత డబ్బు పెట్టి కొన్న బండి దేనికోసం తయారైందో తెలియాలంటే రెండు లైన్ల రోడ్లు, ఘాట్లు, చిన్న ఊళ్లు ఉన్న దారి పట్టాలి. అందుకే మేం నల్లమల అడవిలోంచి శ్రీశైలం, దోర్నాల, బైర్లూటి, బనగానపల్లె, బెలూం మీదుగా గండికోట వెళ్లి, గుత్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి తిరిగొచ్చాం. వెనక సీట్లో మా ఆవిడ, వెనక చక్రానికి రెండు పక్కలా 28 లీటర్ల సామాను పెట్టెలు.

మా బండి కవాసాకి నింజా 1000 ఎస్‌ఎక్స్. 1043 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్, 19 లీటర్ల ట్యాంకు. బండి బరువే దాదాపు 238 కిలోలు. ఇద్దరం ఎక్కి సామాను పెట్టేసరికి మొత్తం నాలుగు వందల కిలోలు. ఇప్పుడు దీని తర్వాతి మోడల్ 1100 ఎస్‌ఎక్స్ వచ్చింది. ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు దానికీ పనికొస్తాయి.

బయల్దేరే ముందు రోజు రాత్రి రెండు పనులు తప్పకుండా చేస్తాను. ఒకటి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవడం: ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ. రెండోది, వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (బరువుకు తగ్గట్టు స్ప్రింగ్‌ను ముందే బిగించి ఉంచే అమరిక) పెంచడం. దీనికి పానా అక్కర్లేదు, పక్కనే ఉన్న నాబ్‌ను చేత్తో తిప్పితే చాలు. వెనక మనిషిని, సామానును ఎక్కించుకుని కూడా ప్రీలోడ్ పెంచకుండా నడిపేవాళ్లను చాలామందిని చూశాను. అలా వెళ్తే బండి వెనక్కి కుంగి, ముందు చక్రం తేలికైపోయి, మలుపుల్లో బద్ధకంగా తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు అడుగు భాగం తగులుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 135 మి.మీ. మాత్రమే కాబట్టి మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆ కాస్త ఎత్తే కాపాడుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. బండి ఎన్ని సీసీలదైనా ఇదే నియమం. అందుకని పహాడీ షరీఫ్, తుక్కుగూడ మీదుగా శ్రీశైలం రోడ్డు అందుకున్నాం. తెల్లారకముందే సిటీ దాటడం ఈ బండికి చాలా అవసరం. ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్తుంటే రేడియేటర్ ఫ్యాన్ వదిలే వేడంతా కాళ్లకే తగులుతుంది. కడ్తాల్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఆమనగల్లులో ఇడ్లీ తిని, అడవి రాకముందే ట్యాంకు నింపుకున్నాం. సామానుతో మా బండి లీటరుకు 17, 18 కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి ట్యాంకు నింపితే మూడు వందల కిలోమీటర్ల దాకా టెన్షన్ లేదు. అయినా అడవి దారిలో పెట్రోలు కోసం వెతుక్కునే పని పెట్టుకోకూడదు.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. శ్రీశైలం దాకా సుమారు 70 కిలోమీటర్ల అడవి దారి ఇది. ఈ దారిలో వేగంగా పోవాలని ఎవరికైనా అనిపిస్తే అసలు రావద్దనే చెబుతాను. జింకలు, కోతులు, అడవి పందులు ఏ పక్క నుంచి వస్తాయో తెలియదు. మేం నాలుగో గేరులో, యాభై దాటకుండా వెళ్లాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది: అంత తక్కువ వేగంలోనూ పై గేరులో వణక్కుండా, చప్పుడు చేయకుండా సాగిపోతుంది. ఎగ్జాస్ట్ మార్చి పెద్ద శబ్దం వచ్చేలా పెట్టుకున్న బండ్లు ఈ అడవిలోకి రాకూడదని నా గట్టి అభిప్రాయం. ఫర్హాబాద్ దగ్గర వ్యూ పాయింట్ చూడాలంటే లోపలికి అటవీ శాఖ సఫారీ వాహనంలో వెళ్లాలి. అది మాకూ మంచిదే, ఆ మట్టి దారి ఈ టైర్లకు పనికిరాదు.

దోమలపెంట, ఈగలపెంట దాటాక డ్యాం వైపు దిగే ఘాటు ఈ ప్రయాణంలో మొదటి అసలైన మలుపుల రోడ్డు. రెండో గేరులో ఉంచి ఇంజిన్ బ్రేకింగ్‌తో, అంటే యాక్సిలరేటర్ వదిలి ఇంజినే వేగాన్ని అదుపు చేసేలా దిగాం. వెనక మనిషి ఉన్నప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టుకుంటే ఇద్దరి బరువూ చేతుల మీద పడుతుంది. దిగువకు వచ్చాక డ్యాం గేట్లు ఎదురుగా కనిపిస్తాయి. గేట్లు ఎత్తే రోజుల్లో ఇక్కడ రోడ్డు పొడవునా కార్లు ఆగి ఉంటాయి. ఆ సందడిలో ఈ బరువు బండితో ఇరుక్కోవడం కష్టం. నీళ్లు చూడాలనుకుంటే మాత్రం పొద్దున్నే రావాలి.

శ్రీశైలంలో బసకు మూడు దారులున్నాయి: దేవస్థానం గదులు, కుల సంఘాల సత్రాలు, పర్యాటక సంస్థ నడిపే హరిత హోటల్. దేవస్థానం గదులు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. గుడికి దగ్గర, ఖర్చు తక్కువ. దర్శనమే ముఖ్యమైతే అవే తీసుకోండి. బండి మీద వచ్చేవాళ్లకు నా సలహా మాత్రం హరిత. గది ఇంకా బాగా ఉంచవచ్చు, కానీ బండిని కాంపౌండ్ లోపల, సమతలంగా ఉన్న చోట పెట్టుకోవచ్చు. ఈ బండికి సెంటర్ స్టాండ్ లేదు, సైడ్ స్టాండ్ ఒక్కటే. వాలు నేల మీదో, ఎండకు మెత్తబడిన తారు మీదో పెడితే రాత్రంతా మనసు దాని మీదే ఉంటుంది. కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో అయితే ఏ బసా నమ్ముకోవద్దు. ఆ రద్దీలో బండి పెట్టడానికి కూడా చోటుండదు.

మర్నాడు సాక్షి గణపతి, హటకేశ్వరం, శిఖరం మీదుగా దోర్నాల వైపు దిగాం. నల్లమలలో నాకు అన్నిటికన్నా నచ్చిన రోడ్డు ఇదే. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, కానీ చాలావరకు ముందే కనిపిస్తాయి. బండిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా వంచుతూ పోతుంటే ఇంత బరువున్నదని మర్చిపోతాం. క్విక్ షిఫ్టర్ ఉంది కాబట్టి క్లచ్ పట్టకుండానే గేర్లు మారుతాయి. వెనక కూర్చున్న మా ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కు ఒక్కసారి కూడా తగల్లేదు. ఒక్కటే జాగ్రత్త: ఆర్టీసీ బస్సులు. హెయిర్‌పిన్ దగ్గర బస్సుకు రోడ్డంతా కావాలి. హారన్ వినగానే పక్కకు తప్పుకుని ఆగడమే పద్ధతి.

దోర్నాల నుంచి ఆత్మకూరు దారి మళ్లీ అడవే. ఇటువైపు కూడా రాత్రి గేట్లు వేస్తారు. బైర్లూటిలో అటవీ శాఖ జంగిల్ క్యాంప్ ఉంది. కాటేజీలు, టెంట్లు, భోజనం, సఫారీ కలిపి ప్యాకేజీగా ఇస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. ఈ ప్రయాణంలో డబ్బుకు తగ్గ విలువ దొరికిన బస ఇదేనని చెప్పగలను. గదిలో ఆడంబరం ఏమీ లేదు. భోజనం వేడిగా, మామూలు ఇంటి వంటలా ఉంది. సిబ్బందిలో స్థానిక చెంచులు ఉన్నారు. ఏ పక్షి ఎక్కడ కూస్తుందో, ఏ వాగులో ఎప్పుడు నీళ్లుంటాయో అడిగితే ఓపికగా చెబుతారు. మెయిన్ రోడ్డు నుంచి క్యాంపు దాకా ఉన్న మట్టి దారి కూడా పొడి రోజుల్లో ఇబ్బంది పెట్టదు. వానాకాలంలో అయితే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

నంద్యాలలో ఎక్కువ సేపు ఆగలేదు. బనగానపల్లె దాటి యాగంటి వెళ్లాం. కోనేట్లో నంది నోటి నుంచి పడే నీళ్లు ఎండలో జాకెట్ వేసుకుని వచ్చిన మనిషికి చేసే మేలు అంతా ఇంతా కాదు.

అక్కడి నుంచి అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలూం వెళ్లే దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది నాపరాళ్ల సీమ. రోడ్డుకు రెండు పక్కలా గనులు, పాలిషింగ్ ఫ్యాక్టరీలు, సిమెంటు లారీలు. రోడ్డు బాగానే కనిపిస్తుంది కానీ అంచుల్లో రాతి పొడి, పదునైన రాతి ముక్కలు ఉంటాయి. బెలూంకు కొద్ది దూరంలో వెనక చక్రం బరువెక్కినట్టు, మలుపులో తేలుతున్నట్టు అనిపించింది. ఆపి చూస్తే టైరు మధ్యలో మేకు. టైరు ట్యూబ్‌లెస్ కాబట్టి గాలి ఒక్కసారిగా పోలేదు. నా దగ్గర టైరు రంధ్రం పూడ్చే ప్లగ్ కిట్, చిన్న పంపు ఉన్నాయి. కానీ దగ్గర్లోనే పంక్చర్ షాపు కనిపించడంతో మెల్లగా అక్కడికే తీసుకెళ్లాను.

షాపు కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం బండన్నా ఇది, లీటరుకు ఎంతిస్తాది?" అని అడిగాడు. చక్రం విప్పుతాడేమోనని నేను భయపడ్డాను. "విప్పేదెందుకన్నా, బండి ముందుకు జరపండి సాలు" అంటూ మేకు పైకొచ్చేదాకా జరిపించి, పది నిమిషాల్లో రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ పెట్టి, సబ్బు నీళ్లు పోసి చూపించాడు. మామూలు బైకుకు తీసుకునే డబ్బులే తీసుకున్నాడు. గాలి మాత్రం నా గేజీతో నేనే 42కు సరిచూసుకున్నాను. ఇలాంటి బండికి వెనక టైరు 190/50 సైజు. నంద్యాలలో గాని, తాడిపత్రిలో గాని అది దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. అందుకే ప్లగ్ కిట్ లేకుండా ఈ బండితో ఊరు దాటకూడదు. ప్లగ్ పెట్టాక వేగం తగ్గించుకుని, ఆగిన ప్రతిచోటా గాలి చూసుకుంటూ వచ్చాం.

బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవు. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. లోపల ఉక్క విపరీతం. రైడింగ్ జాకెట్, బూట్లతో దిగితే సగంలోనే నీరసం వస్తుంది. సామాను పెట్టెలకు తాళాలు ఉండటం ఇక్కడ పనికొచ్చింది: జాకెట్లు, గ్లవ్స్ అందులో పెట్టి, చెప్పులు వేసుకుని, చేతిలో నీళ్ల సీసాతో దిగాం. తాళ్లతో కట్టే మెత్తటి బ్యాగులైతే ఇది కుదరదు. మలుపుల రోడ్లపై పెట్టెల వెడల్పు ఇబ్బందే, అయినా గుళ్లూ గుహలూ చూస్తూ తిరిగే ప్రయాణానికి పెట్టెలే మేలు.

గండికోటలో హరిత హోటల్ వారాంతం కావడంతో ఖాళీ లేదు. ఆ రాత్రి జమ్మలమడుగులో ఒక లాడ్జిలో ఉండాల్సి వచ్చింది. ఫోన్‌లో అడిగితే సెల్లార్ పార్కింగ్ ఉందన్నారు. వెళ్లి చూస్తే ర్యాంపు నిటారుగా, నున్నటి టైల్స్‌తో ఉంది. ఇంత బరువున్న బండిని దాని మీద దించడం, పొద్దున్నే ఎక్కించడం ప్రమాదం. వెనక్కి నెట్టాల్సి వస్తే ఇద్దరు మనుషులు కావాలి. చివరికి మెట్ల ముందు, కెమెరా కింద పెట్టించుకున్నాను. కాబట్టి గది బుక్ చేసేటప్పుడు పార్కింగ్ ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. నేల ఎలా ఉంది, వాలు ఎంత, గేటు ఎంత వెడల్పు అని అడగండి. వాట్సాప్‌లో ఫొటో అడిగితే ఇంకా మంచిది.

చీకటి ఉండగానే బయల్దేరి కోటకు చేరాం. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, రోడ్డు బాగుంది. కోట ద్వారంలోంచి లోపలికి బండ్లు వెళ్తాయి గాని, రాళ్లు పరిచిన ఆ ఇరుకు మలుపుల్లో తక్కువ ఎత్తు బండిని తిప్పడం కన్నా బయట పెట్టి నడవడమే నయం. జుమ్మా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి చూసుకుంటూ పెన్నా లోయ అంచుకు వెళ్లాం. ఎర్రటి రాతి పలకల మధ్య నది అంత లోతున పారుతుంటే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఒక్క విషయం బాధ కలిగించింది: అంచు దగ్గర రక్షణ గోడ లేకపోయినా ఫొటోల కోసం చివరికంటా వెళ్లి నిలబడుతున్నారు. పిల్లలతో వచ్చేవాళ్లు చెయ్యి వదలొద్దు. గది కావాలంటే వారం మధ్యలో రండి. హరితలో గది దొరికితే కోట దాకా నడిచే వెళ్లొచ్చు, బండి కాంపౌండ్‌లోనే ఉంటుంది.

తిరుగు ప్రయాణం తాడిపత్రి, గుత్తి మీదుగా. డోన్ దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆపైన హైవే. ఇక్కడ బైకులకు వేగ పరిమితి 80. క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకుండానే ఒకే వేగంలో నడిపే ఏర్పాటు) దానికే పెట్టి, విండ్‌స్క్రీన్ పై మెట్టుకు లేపి కూర్చుంటే ఇంజిన్ మూడు వేల పైచిలుకు ఆర్పీఎంలో గుట్టుగా తిరుగుతుంది. టోల్ గేట్ల దగ్గర బైకులకు డబ్బు కట్టక్కర్లేదు, పక్కన దారి ఉంటుంది, అందులో ఇసుక ఉంటుంది, చూసుకోవాలి. కర్నూలు దాటాక అలంపూర్ చౌరస్తా నుంచి పక్కకు తిరిగి నవబ్రహ్మ ఆలయాలు చూసి వెళ్లమని చెబుతాను. ఎప్పుడూ హైవేలో దాటిపోయే ఊరే అది.

ఇంటికొచ్చాక అసలు పని చెయిన్‌ది. 600 కిలోమీటర్లకోసారి లూబ్ వేయమని కంపెనీ చెబుతుంది. సెంటర్ స్టాండ్ లేదు కాబట్టి దారిలో ఒకరు బండి జరుపుతుంటే ఇంకొకరు స్ప్రే చేయాలి. మా ఇంట్లో స్ప్రే పని మా ఆవిడదే. ఇంటి దగ్గర వెనక చక్రాన్ని నేల నుంచి లేపే ప్యాడాక్ స్టాండ్ ఎక్కించి, రాతి పొడి అంతా మెత్తటి బ్రష్‌తో పోయేదాకా కడిగి, ఆరాక లూబ్ వేసి, చెయిన్ వదులు మాన్యువల్ ప్రకారం సరిచూశాను. ఎయిర్ ఫిల్టర్ కొలిమిగుండ్ల దుమ్ముతో తెల్లబడింది, మార్పించాను. ప్లగ్ పెట్టిన వెనక టైరు కూడా తీసేశాను. ఇద్దరు మనుషుల బరువు మోసే టైరు మీద ఆ రాజీ వద్దనుకున్నాను. కంపెనీతో వచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ ఎస్22 టైర్లు మలుపుల్లో అద్భుతంగా పట్టుకుంటాయి గాని, స్పోర్ట్ రబ్బరు కాబట్టి మధ్యలో త్వరగా అరిగి చదునవుతాయి. ఈసారి రెండూ కలిపి టూరింగ్ టైర్లు వేయించాను. దోర్నాల ఘాట్ వేగానికి వాటి పట్టు సరిపోతుంది, తడి రోడ్డు మీద ఇంకా ధైర్యంగా ఉంటాయి. గిద్దలూరు నుంచి నంద్యాల దాకా, పచ్చర్ల అడవి మీదుగా వెళ్లే రోడ్డు ఇంకా మిగిలే ఉంది. వానలు తగ్గగానే కొత్త టైర్లతో అటే బయల్దేరతాం.