పాత మాస్సీ 1035 ట్రాక్టర్‌కి ఏ ఇంజిన్ ఆయిల్? ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది ఆనందపురం దగ్గర. బండి మాస్సీ 1035, సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజిన్. సీజన్‌లో దుక్కి, దమ్ము, మిగతా రోజుల్లో ఇసుక, ఇటుక తోలకం. ఇన్నేళ్లలో దీంట్లో మూడు రకాలు పోశాను: మామూలు 20డబ్ల్యూ-40 సీఎఫ్-4, చిక్కటి 20డబ్ల్యూ-50, కాస్త ఖరీదైన 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్. సీఎఫ్-4, సీఐ-4 అనేవి డీజిల్ ఇంజిన్ ఆయిల్ నాణ్యతకి పెట్టిన గ్రేడ్లు. నా ఓటు చివరిదానికే. రేటు దగ్గర ఒక మార్కు కోసి, ఐదుకి నాలుగు.

డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టింగ్‌కి సంబంధించింది. లంబసింగిలో తెల్లారకట్ల బండి తీసేవాళ్లకి 15కి, 20కి తేడా తెలుస్తుంది. మా భీమిలి పక్క మైదానంలో సంక్రాంతి చలికి కూడా 20డబ్ల్యూతో నాకు ఇబ్బంది రాలేదు. ఇంజిన్ వేడెక్కాక లెక్కలోకి వచ్చేది వెనక అంకె. అది 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండింటిలోనూ 40 కాబట్టి, మిట్టమధ్యాహ్నం దమ్ములో ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు దేనితోనైనా ఇంచుమించు ఒకేచోట నిలబడింది.

మరి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టడం? సీఎఫ్-4 అనేది 1990 నాటి ప్రమాణం, సీఐ-4 2002లో వచ్చింది. కొత్తదానికి మసిని పట్టి ఉంచే గుణం ఎక్కువ. పాత రకం ఆయిల్ వాడిన రోజుల్లో రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) విప్పితే లోపల నల్లటి జిడ్డు వేలికి ముద్దగా వచ్చేది. ఇప్పుడు గుడ్డతో తుడిస్తే పోతోంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ తొందరగా నల్లబడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు, మసిని మోస్తోందని అర్థం. ఒక్క జాగ్రత్త: పాత జిడ్డు కదిలి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది, కాబట్టి మొదటిసారి మామూలుగా మార్చే గంటల్లో సగానికే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయాలి.

20డబ్ల్యూ-50 సంగతి వేరు. బండి నీలం పొగ వదులుతుంటే ఆటోనగర్ మెకానిక్ "చిక్కటిది పోసేయండి బాబూ, పొగ తగ్గిపోద్ది" అన్నాడు. తగ్గింది కూడా. కానీ రింగులు, లైనర్లు అరిగిన ఇంజిన్ ఆయిల్ తాగడం మానలేదు. చివరికి ఇంజిన్ బోరు పని (అరిగిన సిలిండర్ల రిపేరు) చేయించాకే 40కి తిరిగొచ్చాను.

మార్చడం 250 గంటలకి. పాత బళ్లలో అవర్ మీటర్ పనిచేసేది తక్కువ, అందుకే నేను డీజిల్ లెక్క చూస్తాను. గంటకి మూడు, నాలుగు లీటర్లనుకుంటే, 750 నుంచి 1000 లీటర్లు కాలేలోపు మార్పు. మధ్యలో ఆయిల్ మట్టం తగ్గితే అర్థం చేసుకోవచ్చు, పెరిగిందంటేనే టెన్షన్. డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ కంపు కొడితే ముందు ఇంజిన్‌కి డీజిల్ అందించే ఫీడ్ పంపులోని డయాఫ్రమ్ (పలచటి పొర) చూపించండి. అది చిరిగి డీజిల్ సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతుంటే ఎంత ఖరీదైన ఆయిలైనా నీళ్లలా పలచబడి బేరింగులు పోతాయి.

డబ్బాలో మిగిలింది ఎయిర్ క్లీనర్ గిన్నెకి (గాలిలో దుమ్ముని ఆయిల్‌తో పట్టేది) వాడుకోవచ్చు. ఎర్రమట్టి దుమ్ములో పనిచేసే బండికి అది తరచూ కడగాల్సిందే. గీత దాటి మాత్రం పోయకండి, ఎక్కువైంది ఇంజిన్‌లోకి లాగేస్తుంది.