వంజంగి కొండ కింద టెంటులో ఒక రాత్రి: కొండకి 5కి 5, టెంటుకి రెండున్నర

పోయిన డిసెంబరులో, లోయలో నిండే మంచు మీద సూర్యోదయం చూద్దామని వైజాగ్ నుంచి పాడేరు దగ్గరి వంజంగి వెళ్లి, కొండ కింద టెంటులో ఒక రాత్రి ఉండి వచ్చాం. నేను, మా ఆవిడ, తమ్ముడు, మరదలు, వాళ్ల తొమ్మిదేళ్ల పాప. చలికాలం మొదలైతే చాలు, అక్కడ టెంట్లు బాగుంటాయా, పిల్లలతో వెళ్లొచ్చా అని తెలిసినవాళ్లంతా అడుగుతున్నారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

దారి సంగతి ముందు. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు సుమారు 110 కిలోమీటర్లు, అక్కడి నుంచి వంజంగి ఇంకో ఆరేడు. ఘాట్ రోడ్డు మాత్రం వెలుతురు ఉండగానే ఎక్కేయండి, చీకటి పడ్డాక మలుపుల్లో పొగమంచు దిగితే ఎదురుగా వచ్చే బస్సు లైట్లు కూడా చివరి నిమిషం దాకా కనపడవు. పెట్రోలు కిందే కొట్టించుకోండి.

మేం ఫోన్లో బుక్ చేసుకున్నది ఇద్దరికి 1,500, భోజనం వేరే. ఫొటోల్లో ఉన్నట్టే వరసగా రంగు రంగుల టెంట్లు, మధ్యలో చలిమంట. సాయంత్రం వరకు అంతా బాగానే ఉంది. అసలు చలి పైనుంచి కాదు, నేల నుంచి వస్తుంది, ఈ సంగతి అక్కడ పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. వాళ్లు ఇచ్చిన పరుపు రెండు వేళ్ల మందం కూడా లేదు, రగ్గులు పలచన, అందులో ఒకటి అప్పటికే చెమ్మగా ఉంది, ఇంకోటి అడిగితే అయిపోయాయన్నారు. పాపని మధ్యలో వేసుకుని మా శాలువాలన్నీ దాని మీదే కప్పాం. చలికి భయపడి జిప్పు పూర్తిగా మూసేస్తే ఇంకో ఇబ్బంది, మన ఊపిరే లోపలి గుడ్డకి చెమ్మగా పట్టి తెల్లారుజామున చుక్క చుక్కగా మొహం మీద పడుతుంది. జానెడంత తెరిచి ఉంచండి, చలేసినా అదే నయం.

నాకు నిజంగా కోపం వచ్చింది పాటల బాక్సుల మీద. రాత్రి పన్నెండున్నర దాకా మోగాయి. పక్కనే ఊరు ఉంది, అవి కాఫీ పళ్లు కోసే రోజులు, పొద్దున్నే తోటలకి పోవాల్సిన వాళ్లు ఆ ఇళ్లలో పడుకుని ఉన్నారు. తమ్ముడు వెళ్లి చెప్తే పది నిమిషాలు తగ్గించి మళ్లీ పెంచారు. డీజే నైట్ కావాలంటే బీచ్ రోడ్డులో బోలెడు చోట్లు ఉన్నాయి, దాని కోసం కొండ మీద ఊరి నిద్ర పాడుచేయడం తప్పు, క్యాంపు నడిపేవాళ్లే ఆపాలి.

భోజనం విషయంలో మాత్రం పూర్తి మార్కులు. ఊరి కుర్రాళ్లిద్దరు బొంగు చికెన్ చేశారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి తిప్పుతూనే ఉంటారు, నూనె చుక్క ఉండదు. బొంగు పైన నల్లబడి, మూతి దగ్గర ఆకుల్లోంచి రసం బుసబుసమని పొంగితే అయినట్టు. ఇస్తరాకులో ఒంపగానే వచ్చే ఆ పచ్చి వెదురు వాసన ఇంట్లో కుక్కర్లో ఎంత చేసినా రాదు. మా పాప కారం అంటూనే రెండోసారి పెట్టించుకుంది.

ఇక కొండ. నాలుగింటికి టార్చిలు పట్టుకుని బయల్దేరాం, ఆగుతూ ఆగుతూ పైకి చేరడానికి గంటన్నర పట్టింది. రాళ్ల దారి, మంచు తడికి ఎర్రమట్టి జారుతుంది, చెప్పులతో వద్దు. తూర్పున కాస్త ఎర్రబడే సరికి కింద లోయంతా తెల్లగా నిండిపోయి ఉంది, పాల పొంగు గిన్నె అంచు దాకా వచ్చి ఆగినట్టు. దూరంగా కొండల తలలు మాత్రం దీవుల్లా పైకి తేలి ఉన్నాయి. ఆరుంబావు దాటాక సూర్యుడు వచ్చేసరికి ఆ తెలుపు మీద గులాబీ రంగు పాకింది, అంతసేపూ కబుర్లు చెప్తున్న జనం కూడా ఒక్కసారి ఊరుకున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇది ప్రతిరోజూ కనపడదు. గాలి లేని, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి త్వరగా పోయి, చల్లటి బరువైన గాలి లోయలోకి జారి అక్కడే మంచు కడుతుంది, మనం దానికి పైన ఉంటాం. మబ్బు పట్టిన రోజు, గాలి ఎక్కువున్న రోజు వెళ్తే ఒట్టి చేతులతో దిగాల్సిందే. నవంబరు నుంచి జనవరి దాకా మంచి రోజులు. ఎండ ఎక్కేకొద్దీ మంచు విడిపోతుంది కాబట్టి ఏడింటికి వెళ్దాంలే అనుకోవద్దు. శని, ఆదివారాలు అస్సలు వద్దు, దారి మీద అడుగు పెట్టే చోటు ఉండదు. రాళ్ల సందుల్లో నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు చూస్తే కడుపు మండింది, మీ చెత్త మీ సంచిలోనే దించుకురండి.

దారిలో అల్లం టీ అమ్ముతున్న ఒకామె పాప చేతులు వణకడం చూసి తన పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. టీ 20 రూపాయలు, ఆ పూట అంతకన్నా విలువైనది ఇంకేదీ కొనలేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే లంబసింగి నయం, అక్కడ ఎక్కే పని లేకుండానే మంచు చూడొచ్చు, స్ట్రాబెర్రీ తోటలున్నాయి. మేం తిరుగు ప్రయాణం అరకు మీదుగా పెట్టుకున్నాం, దారి పక్కన వలిసె పూలు ఇంకా కొన్ని చేలల్లో పసుపుపచ్చగా విరబూసి ఉన్నాయి. ఫొటో కోసం చేలోకి దిగితే రైతుకి కాస్త డబ్బివ్వండి, అది వాళ్ల నూనెగింజల పంట.

టెంటే కావాలనుకుంటే బుక్ చేసేముందు మూడు అడగండి: మనిషికి ఎన్ని రగ్గులు, పాటలు ఎన్నింటికి ఆపుతారు, ఆడవాళ్లకి తలుపు గడియ ఉన్న బాత్రూమ్ ఉందా. మా దగ్గర మూడోదానికి రేకు తలుపుకి తాడు కట్టి ఉంది, మరదలు బయట కాపలా ఉండాల్సి వచ్చింది. రాత్రి మొత్తానికి నాకు చిరాకు పుట్టించినవాటిలో అది పాటల తర్వాత రెండోది.

ఈ జనవరిలో మళ్లీ వెళ్తున్నాం, మంగళవారం చూసుకుని. ఈసారి పడక పాడేరులో లాడ్జిలో, మూడింటికి లేచి బండి తీస్తాం. మొదటి వ్యూ పాయింట్ దాకా అయినా సరే, తనూ ఎక్కుతానని అమ్మ ఇప్పటికే మంకీ క్యాప్ కొనిపించుకుంది.