స్పీడుయినోతో నాలుగేళ్లు: పెట్టె మంచిదే, ఏడిపించింది నా వైరింగే

మేముండేది డాలస్‌లో. నా దగ్గర 1991 మజ్దా మియాటా ఉంది. 1.6 లీటర్ ఇంజిన్, కొత్తలో 116 హార్స్‌పవర్. దానికి చిన్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) వేసుకున్నాను. కంపెనీ ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టెకి) టర్బో సంగతి తెలియదు కాబట్టి దాని స్థానంలో స్పీడుయినో పెట్టాను. ఆర్డుయినో మెగా 2560 అనే చిన్న బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఇది. ల్యాప్‌టాప్‌లో ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి సెట్ చేసుకోవాలి. పేరున్న పెట్టెలతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ట్యూనింగ్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వైర్ల గురించే చెప్తాను. నాలుగేళ్లలో నేను పోగొట్టుకున్న శని, ఆదివారాలన్నీ వాటికే పోయాయి.

మొదటి రోజే ఒక తమాషా జరిగింది. కీ తిప్పితే ఇంజిన్ అందుకుంటోంది, కీ వదలగానే ఆగిపోతోంది. అలా పదిసార్లు. ఈ 1.6 కార్లలో గాలిని కొలిచేది రెక్క తలుపు లాంటి ఎయిర్ ఫ్లో మీటర్. స్పీడుయినోకి మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) చాలు కాబట్టి దాన్ని పీకి పక్కన పెట్టేశాను. ఫ్యూయల్ పంపు రిలేని పట్టి ఉంచే స్విచ్ ఆ మీటర్ లోపలే ఉందని అప్పుడు నాకు తెలియదు. స్టార్టర్ తిరుగుతున్నంతసేపు పంపుకి వేరే దారిలో కరెంటు వస్తుంది, ఆ తర్వాత ఇక రాదు. ఆ రిలే వైరుని ఈసీయూలోని పంప్ ఔట్‌పుట్‌కి కలిపితే పని అయిపోయింది. గాలి ఉష్ణోగ్రత సెన్సార్ కూడా ఆ మీటర్‌లోనే ఉంటుంది. అందుకే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) దాటాక పైపులో జీఎం (జనరల్ మోటార్స్) ఓపెన్ టైప్ సెన్సార్ బిగించాను. మాన్యువల్ గేర్ కారులో టీపీఎస్ (థ్రాటిల్ పొజిషన్ సెన్సార్) కూడా ఉత్త స్విచ్చే, యాక్సిలరేటర్ ఎంత నొక్కామో చెప్పదు. మూడు వైర్ల టీపీఎస్ తెచ్చి వేయాల్సిందే. ఇవన్నీ ముందే తెలిసుంటే విడిభాగాలు ఒకేసారి ఆర్డర్ చేసేవాణ్ని.

అసలు కథ రేడియేటర్ ఫ్యాన్‌ది. కూలెంట్ సెన్సార్ కూడా జీఎందే వేశాను, ఫ్యాన్ ఆన్ ఆఫ్ పని ఈసీయూకే అప్పగించాను. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ 98 డిగ్రీలకి వస్తుంది, ఫ్యాన్ మొదలవుతుంది. మొదలైన క్షణమే స్క్రీన్ మీద 98 కాస్తా 84 అయ్యేది! చల్లబడింది కదా అని ఈసీయూ ఫ్యాన్ ఆపేది. ఆపగానే మళ్లీ 98. ఫ్యాన్ రిలే ఇండికేటర్ లైటులా టిక్ టిక్ మని కొట్టుకునేది. పైగా టీపీఎస్ తానంతట తాను ఐదు శాతం ఎగిరేది, ఈసీయూ నేను యాక్సిలరేటర్ నొక్కాననుకుని పెట్రోలు ఎక్కువ పోసేది, ఇంజిన్ దగ్గేది. సెన్సార్ మార్చాను. మళ్లీ మార్చాను. వారం పోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి ముప్పై ఏళ్లు లారీల వైరింగ్ పని చేశాడు. ఈసీయూ ముఖం ఎప్పుడూ చూడలేదు. ఫోన్‌లో గోల వెళ్లబోసుకుంటే, "సెన్సార్ సంగతి తర్వాత, ముందు ఎర్త్ ఎక్కడ కొట్టావో చెప్పరా" అన్నాడు. సెన్సార్ల ఎర్త్ వైర్లన్నీ ఫెండర్ లోపల ఒక బోల్టుకి బిగించాను. ఫ్యాన్ ఎర్త్ కూడా ఆ బోల్టుకే. ఈసీయూ ఎర్త్ మాత్రం ఇంజిన్ మీద. బోల్టు కింద పెయింట్ గీకలేదు. మల్టీమీటర్ ఒక కొన ఆ బోల్టు మీద, రెండో కొన ఈసీయూ ఎర్త్ మీద పెట్టి ఫ్యాన్ తిప్పితే 0.18 వోల్టులు చూపించింది.

అదెంతలే అనుకోవద్దు. వేడిగా ఉన్న జీఎం కూలెంట్ సెన్సార్ నిరోధం సుమారు 180 ఓములు. ఈసీయూ లోపలి 2,490 ఓముల పుల్‌అప్ రెసిస్టర్‌తో లెక్క వేస్తే ఈసీయూ చూసే సిగ్నల్ వోల్టులో మూడో వంతు మాత్రమే. వోల్టేజీ పెరిగితే ఈసీయూ చల్లబడిందనుకుంటుంది, కాబట్టి దాని మీద 0.18 అదనంగా కలిస్తే 98 కాస్తా 84 అవడంలో వింత లేదు. సెన్సార్ల ఎర్త్‌లన్నీ ఈసీయూలోని సిగ్నల్ గ్రౌండ్ పిన్‌కే తెచ్చి కలిపాను, ఈసీయూ పవర్ ఎర్త్‌లన్నీ గీకిన ఒకే ఇంజిన్ బోల్టుకి బిగించాను. ఆ రోగం మళ్లీ రాలేదు. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ కంట్రోలర్‌కీ ఇదే పద్ధతి. గాలి, పెట్రోలు నిష్పత్తి గేజ్ మీద 14.7, ల్యాప్‌టాప్‌లో 14.3 కనిపిస్తే సెన్సార్‌ని తిట్టకముందు ఎర్త్ చూడండి.

బూస్ట్‌ని (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడిని) అదుపు చేసే సోలెనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వ్, వైరింగ్ దీనికంటే సులువు, భయం మాత్రం ఎక్కువ. మూడు రంధ్రాల మ్యాక్ కంపెనీ వాల్వ్ నాది. రెండే వైర్లు. ఒకదానికి ఫ్యూజ్ మీదుగా ఇగ్నిషన్ 12 వోల్టులు, రెండోది ఈసీయూ బూస్ట్ ఔట్‌పుట్‌కి. ఈసీయూ ఎర్త్ వైపే ఆన్ ఆఫ్ చేస్తుంది. నేను పెట్టింది సెకనుకి 30 సార్లు. నా తప్పు వైర్లలో కాదు, గొట్టాల్లో జరిగింది. వేస్ట్‌గేట్ (బూస్ట్ మించకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు) స్ప్రింగ్ 7 పీఎస్ఐది, అంటే బయటి గాలి ఒత్తిడితో కలిపి మ్యాప్ 150 కిలోపాస్కల్ దగ్గర ఆగాలి. డ్యూటీ (వాల్వ్ ఆన్‌లో ఉండే శాతం) సున్నాలో పెట్టి మూడో గేర్‌లో తొక్కితే సూది ఆగకుండా ఎక్కేసింది. బూస్ట్ కట్ (ఒత్తిడి మించితే ఇంజిన్‌ని అడ్డుకునే సెట్టింగ్) 180 దగ్గర పెట్టి ఉండబట్టి ఇంజిన్ మిగిలింది. నిజం చెప్పాలంటే ఇంటికొచ్చేదాకా చేతులు వణికాయి.

గొట్టాలు తగిలించేముందు వాల్వ్‌ని నోటితో ఊది చూడండి, డ్రాయింగ్ కన్నా అదే నమ్మకం. కరెంటు లేనప్పుడు టర్బో గొట్టం, వేస్ట్‌గేట్ గొట్టం ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉండాలి, మూడోది మూసుకోవాలి. కరెంటు ఇస్తే వేస్ట్‌గేట్ ఆ మూడో రంధ్రంలోంచి బయటి గాలికి తెరుచుకోవాలి. అలా ఉంటే వైరు తెగినా బూస్ట్ స్ప్రింగ్ దగ్గరే ఆగుతుంది. స్ప్రింగ్ కన్నా తక్కువ బూస్ట్ మాత్రం ఏ సోలెనాయిడ్ ఇవ్వలేదు. మొదటి ఏడాది ఓపెన్ లూప్‌లోనే (డ్యూటీ నేనే పెట్టి) నడిపాను, క్లోజ్డ్ లూప్‌కి (బూస్ట్ చూసి ఈసీయూయే సర్దుకునే పద్ధతికి) తొందరపడాల్సిన పని లేదు.

ఇంకో చిక్కు: బూస్ట్ మొదలవగానే అప్పుడప్పుడు సింక్ పోయేది (ఇంజిన్ తిరుగుడు లెక్క ఈసీయూకి తప్పేది), ఇంజిన్ ఒక్క క్షణం కొట్టుకునేది. సోలెనాయిడ్ వైరు, ఆ లెక్క చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సార్ వైరుతో ఒకే కట్టలో పోతోంది. దాన్ని విడదీశాను, సోలెనాయిడ్ రెండు కాళ్ల మధ్య 1ఎన్4007 డయోడ్ వేశాను, వెండి గీత 12 వోల్టుల వైపు. క్యామ్ సెన్సార్‌కి షీల్డు వైరు వేసి, ఆ షీల్డుని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేశాను. సింక్ లాస్ కౌంటర్ అప్పటినుంచి సున్నా. మూడింటిలో ఏది పని చేసిందంటే చెప్పలేను, ఒకే సాయంత్రం మూడూ చేశాను.

నాలుగేళ్లలో పాడైనవి: సోల్డర్ చేసిన ఒక జాయింటు అదురుకి తెగింది (నొక్కి బిగించి క్రింప్ చేసినవి ఒక్కటీ పోలేదు), చవకగా కొన్న నకలు సోలెనాయిడ్ ఎనిమిది నెలలకి ఇరుక్కుపోయింది, టెక్సాస్ ఎండకి మ్యాప్ గొట్టం మెత్తబడింది. బోర్డు మీదున్న మ్యాప్ సెన్సార్ 250 కిలోపాస్కల్ దాకా కొలుస్తుంది, నాకు అది ఎక్కువే. దానికి వెళ్లే గొట్టంలో ఇంకేదీ కలపకండి. ఈసీయూ బోర్డుకి వానా దుమ్మూ పడవు, అందుకే డ్యాష్ కింద డబ్బాలో పెట్టాను.

ప్లగ్ పెట్టి వదిలేద్దామనుకునేవాళ్లకి ఇది వద్దు. మల్టీమీటర్ పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లు కొనుక్కోవచ్చు. నా బండి నిన్న కూడా ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు నిలబడింది. ఫ్యాన్ ఒకసారి ఆన్ అయింది, తన పని చేసుకుని ఒకసారి ఆగింది. బాబాయికి వీడియో తీసి పంపాను. "వైర్లు కనపడనీయకుండా టేపు చుట్టరా" అని జవాబొచ్చింది.