రోమ్‌లో గుమ్మడి పువ్వు బజ్జీ: శాకాహారులూ, జాగ్రత్త

రోమ్ వెళ్తున్న శాకాహారులు ఇది చదివాకే హోటల్లో కూర్చోండి. ఇంకా ఒళ్ళు మండిపోతూనే ఉంది, రాతలో తప్పులుంటే మన్నించండి. రోమ్‌లోని త్రస్తేవెరె పేటలో, టూరిస్టులు వరస కట్టే వీధుల్లో జరిగింది. హోటల్ పేరు రాయను. నిన్న రాత్రి ఆర్డర్ ఇచ్చేముందు మాంసం వద్దు, చేప వద్దు అని రెండుసార్లు చెప్పాం. "వెజెతరియానో, సీ, సీ" (శాకాహారమే, సరే సరే) అని తలూపి వెయిటర్ తెచ్చిపెట్టింది ఫియోరి ది జుక్కా, అంటే గుమ్మడి పువ్వు బజ్జీ.

పైకి అచ్చం మన బజ్జీయే. కరకరలాడుతోంది, లోపల మొజరెల్లా తీగలు సాగుతోంది. సగం కొరికాక చీజ్ మధ్యలో గోధుమరంగు గీత ఒకటి కనబడింది, దాని పక్కన వెంట్రుకంత సన్నని ముల్లు. నోరంతా ఉప్పు, నీచు. నెత్తలి! పిలిచి చూపిస్తే, "ఇది మాంసం కాదుగా, రుచి కోసం ఒక్క అలీచి (నెత్తలి), అంతే" అని భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. క్షమించండి అన్న మాట కూడా లేదు. బిల్లులో మాత్రం ఆ ప్లేటు 12 యూరోలూ పడ్డాయి.

పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని మనిషి నోట్లో చేప పెట్టి, అది మాంసం కాదని వాదించడం ఏం న్యాయం? "అలీచి ఉందా" అని ఆ ఒక్క మాట అడగకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. మీరు ఆ తప్పు చేయకండి.

రోమ్‌లో ఈ వంటకం చేసే పద్ధతే అది. పువ్వులోంచి కేసరం గిల్లేసి, మొజరెల్లా ముక్క, ఉప్పులో ఊరిన నెత్తలి ముక్క లోపల పెట్టి, జారుపిండిలో ముంచి వేయిస్తారు. వేడికి చేప సగం కరిగి చీజ్‌లో కలిసిపోతుంది, అందుకే విప్పి చూసినా ఒక్కోసారి తెలీదు. మెనూలో మాత్రం పువ్వు పేరే ఉంటుంది. అలీచి లేకుండా చేయించుకున్నా, ఉప్పుచేప బక్కలా వేయించిన నూనెలోనే దీన్నీ వేయించే చోట్లు ఉన్నాయి, మూకుడు వేరేనా అని అడగండి. పక్కనే అమ్మే సుప్లీ అనే అన్నం ఉండ కూడా బోండాలా ఉంటుంది గానీ, పాత పద్ధతిలో ఆ అన్నంలో మాంసం సాస్ కలుపుతారు. చేదుగా బావుండే పుంతరెల్లె సలాడ్ మీద పోసేది కూడా నెత్తళ్ళు నూరిన నూనే.

చేపని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. యూరోపియన్ యూనియన్ 1169/2011 నిబంధన ప్రకారం 14 అలర్జీ పదార్థాలు వంటకంలో ఉంటే హోటల్ వాళ్ళు చెప్పి తీరాలి. చాలా మెనూల్లో వంటకం పక్కన చిన్న అంకెలుంటాయి. ఆ నిబంధనలోని వరసే వాడితే 2 రొయ్య, పీత జాతి, 3 గుడ్డు, 4 చేప, 14 నత్త, ఆల్చిప్ప జాతి. మెనూ చివర ఆ అంకెల పట్టీతో సరిచూసుకోండి. అంకెలు లేకపోతే "లిస్తా అల్లెర్జెని" (అలర్జీ పదార్థాల పట్టీ) అని అడగండి. వెయిటర్ నోటిమాట నమ్మొద్దు, కాగితం చూడండి.

కానీ మాంసం ఆ 14లో లేదు. అక్కడ కాగితం కాపాడదు, పేరు పెట్టి అడగాల్సిందే. బీన్స్ సూప్‌లో పంది తోలు, మినెస్త్రోనె అనే కూరగాయల సూప్‌లో పాన్చెత్తా అనే పంది మాంసం వేసేవాళ్ళున్నారు. ఎర్రటి సాస్‌తో ఒకేలా కనబడే రెండు పాస్తాల్లో అర్రబ్బియాతా అంటే టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. అమత్రిచానా అయితే పంది దవడ మాంసం. "సెంజా కార్నె" (మాంసం లేకుండా) ఒక్కటీ అంటే పంది మాంసపు హామ్‌నీ, మాంసం ఉడికించిన నీళ్ళనీ లెక్కలోకి తీసుకోని వాళ్ళు దొరుకుతారు. ఫోన్లో ఇలా రాసి చూపించండి: సెంజా కార్నె, సెంజా ప్రొషుత్తో, సెంజా పేషె, సెంజా అలీచి, సెంజా బ్రోదో ది కార్నె. అంటే మాంసం, హామ్, చేప, నెత్తలి, మాంసం ఉడికించిన నీళ్ళు, ఇవేవీ లేకుండా అని.

పిజ్జాలో పేరు చూసి భయపడకండి. మరినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, చీజ్ కూడా ఉండదు. రోమ్‌లో నపొలెతానా అంటే మాత్రం నెత్తళ్ళు. చీజ్ పట్టింపు ఉన్నవాళ్ళు పార్మిజానో, పెకొరీనో రొమానో రెండూ వదిలేయండి, మొదటిది దూడ కడుపులోంచి, రెండోది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. కాచో ఎ పెపె అనే పాస్తాలో వేసేది ఆ పెకొరీనోయే. గుడ్డు తిననివాళ్ళు ఎండు స్పగెత్తీ, పెన్నె పాస్తాలు అడగండి. ఫెత్తుచ్చీనె పాస్తాలో మామూలుగా గుడ్డు ఉంటుంది.

పాత యూదుల పేటలో, పోర్తికో దొత్తావియా వీధి చుట్టుపక్కల, కోషెర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) హోటళ్ళున్నాయి. వాటిలో పాల వంటల హోటలైతే వంటింట్లోకే మాంసం రాదు, మాంసం గురించి బెంగ లేదు. చేప మాత్రం అక్కడా వండుతారు, కాబట్టి అలీచి, వేయించే నూనె సంగతి అక్కడా అడగండి.